అమ్మమ్మ "ఖాళీగా" అల్లిన లేసు: ఐర్లండ్ నుంచి నరసాపురం దాకా ఒక ముడి కథ

ఈరోజు ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. కొన్ని నెలల క్రితం మా ఫ్యామిలీ గురించి చేసిన వీడియోలో "తాతయ్యది వ్యవసాయం, అమ్మమ్మ ఇంట్లోనే ఉండేది" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆ వీడియో అమ్మమ్మ కూడా చూసింది. ఏమీ అనలేదు. ఆ మాట ఎందుకు తప్పో నాకు అర్థమవడానికి ఒక క్రోషే ముడి, ఐర్లండ్‌లో ఒక కరువు, జర్మనీ నుంచి వచ్చిన ఒక పరిశోధకురాలు కావాల్సి వచ్చారు. ఆ కథే ఈరోజు చెప్తాను.

మొన్న డిసెంబర్‌లో హైదరాబాద్‌లో చలి బాగానే ఉంది కదా. సోఫా మీద కూర్చుని కప్పుకోవడానికి ఒక దుప్పటి నేనే అల్లుకుందాం అనిపించింది. కోడ్ రాసి రాసి విసుగొచ్చిన చేతులు కదా, కొత్త పని ఏదో ఒకటి కావాలి. రెండు ఉన్ని ఉండలు, ఒక క్రోషే సూది కొన్నాను. నా కన్ను బాబుల్ స్టిచ్ మీద పడింది. ఒకే కుట్టులో ఐదు పొడవు కుట్లు సగం సగం వేసి ఆపాలి. ఆ తర్వాత సూది మీదున్న లూపులన్నిట్లోంచి దారాన్ని ఒక్కసారిగా లాగేయాలి. అప్పుడు అక్కడ చిన్న బుడిపె పొంగుతుంది. దీనికే చెల్లెలు పాప్‌కార్న్ స్టిచ్. అందులో ఐదు కుట్లూ పూర్తిగా వేసి, సూది బయటికి తీసి, మొదటి కుట్టులో గుచ్చి, వదిలేసిన లూపుని అందులోంచి లాగాలి. వరసలు వరసలుగా వేస్తే పైన తడిమినప్పుడు పనసకాయ తొక్కలా ఉంటుంది, కాకపోతే మెత్తగా.

మూడు వారాంతాలు కూర్చుంటే అరచేయంత ముక్క వచ్చింది. గొప్పగా ఫీలై అమ్మమ్మకి వీడియో కాల్ చేశాను. అమ్మమ్మ వాళ్ళది నరసాపురం దగ్గర పల్లెటూరు.

"ఏరా, ఏంటది?"

"బాబుల్ స్టిచ్ అమ్మమ్మా. చాలా కష్టం."

"ఇదా! బుడిపె. దారం అంత లావుంటే ఎవరైనా వేస్తారు. మేం అల్లింది ఇంత సన్నంది" అని తన తెల్ల వెంట్రుక ఒకటి పట్టుకుని చూపించింది.

అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే అమ్మమ్మ చేతిలో ఎప్పుడూ తెల్లదారం, సూది ఉండేవి. మేం దాన్ని పట్టించుకోలేదంతే. ఇంట్లో ఫ్యాన్ తిరిగినట్టు అమ్మమ్మ చెయ్యి కూడా తిరుగుతూ ఉండేది. సరే, ఈ బుడిపెల కథ ఎక్కడ మొదలైందో చూద్దామని చదవడం మొదలుపెట్టాను.

క్రోషే అనేది ఫ్రెంచ్ మాట. చిన్న కొక్కెం అని అర్థం. మన కథకి కావాల్సిన సంవత్సరం మాత్రం 1845, దేశం ఐర్లండ్. అప్పటికి ఐర్లండ్ బ్రిటిష్ పాలనలో ఉంది. పేదవాళ్ళ తిండి దాదాపు మొత్తం బంగాళదుంప మీదే ఆధారపడింది. ఆ ఏడు దుంప పంటకి తెగులు పట్టింది. ఒక్క ఏడుతో పోలేదు, మళ్ళీ మళ్ళీ వచ్చింది. 1852 వరకు సాగిన ఆ కరువులో దాదాపు 10 లక్షల మంది చనిపోయారు. ఇంకో 10 లక్షల మంది ఓడలెక్కి దేశం వదిలిపోయారు.

ఆ రోజుల్లో క్రైస్తవ సన్యాసినుల మఠాలు, ఫాదర్ల భార్యలు, జమీందారుల ఇంటి ఆడవాళ్ళు ఊళ్ళల్లో జనానికి క్రోషే నేర్పడం మొదలుపెట్టారు. క్రోషేనే ఎందుకంటే, వెనిస్‌లో చేసే ఖరీదైన సూది లేసుకి యూరప్ డబ్బున్న ఇళ్ళల్లో గిరాకీ ఉంది. కానీ అది చేయడానికి చాలా కాలం పడుతుంది. క్రోషే సూదితో దాదాపు అలాంటి లేసే ఇంకా తొందరగా చేయొచ్చు. పెట్టుబడి అంటే ఒక సూది, కాస్త దారం. మగ్గం అక్కర్లేదు, షెడ్డు అక్కర్లేదు. రియేగో ద లా బ్రాంషార్దియేర్ అనే ఆవిడ 1840లలోనే క్రోషే డిజైన్ల పుస్తకాలు వేసింది. ఐరిష్ క్రోషే పెరగడంలో ఆవిడ పేరు తప్పకుండా వినపడుతుంది.

ఇప్పుడు మన ముడి దగ్గరికి వద్దాం. మోనహన్ కౌంటీలో క్లోనిస్ అనే చిన్న పట్నం ఉంది. స్పెల్లింగ్ చూసి క్లోన్స్ అని చదవకండి, నేనూ అలాగే చదివాను. 1847లో అక్కడి చర్చి ఫాదర్ భార్య కసాండ్రా హ్యాండ్ ఆ ఊళ్ళో క్రోషే పని మొదలుపెట్టించింది. ఆ ఊరి పేరుతోనే ఒక కుట్టు మిగిలిపోయింది, అదే క్లోనిస్ ముడి.

ఐరిష్ క్రోషేలో గులాబీ, ఆకు, షామ్‌రాక్ లాంటి మూడాకుల గుర్తు, ఇవన్నీ విడివిడిగా అల్లుతారు. గట్టిగా, ఉబ్బెత్తుగా రావడానికి లోపల లావు దారం పెట్టి దాని మీద అల్లుతారు. తర్వాత వాటన్నిటినీ ఒక బట్ట మీద పరిచి, మధ్యలో ఉన్న ఖాళీని సన్నటి వలతో నింపి కలుపుతారు. ఆ వలలో అక్కడక్కడా మిరియం గింజల్లా కనపడేవే క్లోనిస్ ముళ్ళు.

వేసే పద్ధతి చెప్తాను, సూది ఉన్నవాళ్ళు పాజ్ చేసి ట్రై చేయండి. ముందు మూడు, నాలుగు చైన్ కుట్లు వేయండి. సూది మీద దారం చుట్టండి. ఇప్పుడు సూదిని ఆ చైన్ కిందనుంచి పోనిచ్చి దారాన్ని అందుకుని పైకి తీయండి. మళ్ళీ చుట్టు, మళ్ళీ కిందనుంచి. ఊయల ఊగినట్టు సూది ముందుకీ వెనక్కీ వెళ్తుంది. ఎనిమిది, పదిసార్లు అయ్యాక సూది నిండా లూపులు ఉంటాయి. దారం పట్టుకుని అన్నిట్లోంచి ఒక్కసారిగా లాగాలి. చివర్లో ముడి వెనకాల ఒక కుట్టు వేసి బిగించాలి. లేకపోతే మొత్తం జారిపోతుంది. నాకు మొదటి పది జారిపోయాయి. పదకొండోది నిలబడింది. టైమర్ పెట్టి చూస్తే ఒక్క ముడికి 1 నిమిషం 40 సెకన్లు.

లేసు అల్లిన ఇళ్ళల్లో ఆ డబ్బుతోనే రోజులు గడిచాయి. కొంతమందికి ఓడ టికెట్టు డబ్బులు కూడా ఈ సూది నుంచే వచ్చాయని చెబుతారు. లేసు వెళ్ళింది మాత్రం దూరపు నగరాల ఫ్యాషన్ షాపులకి. అల్లినవాళ్ళకి ముక్కకింత అని లెక్క. పెట్టిన గంటలకి లెక్క లేదు. 19వ శతాబ్దం చివర్లో మిషన్ మీద ఈ లేసుకి నకలు చేయడం మొదలైంది. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. స్వెటర్ అల్లే మిషన్లు ఉన్నాయి. కానీ అసలైన క్రోషే ఈరోజుకీ చేత్తోనే చేయాలి. మిషన్లు చూడ్డానికి అలా ఉండేదాన్ని మాత్రమే చేస్తాయి. అంటే ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే క్రోషే టాప్ నిజంగా క్రోషేనే అయితే, ఎక్కడో ఎవరో కూర్చుని ఒక్కో లూపూ లాగారన్నమాట.

ఇప్పుడు గోదావరికి వద్దాం. అదే 19వ శతాబ్దంలో, అదే బ్రిటిష్ సామ్రాజ్యంలో, క్రైస్తవ మిషనరీలు మన గోదావరి జిల్లాలకి కూడా లేసు పని తెచ్చారు. క్లోనిస్ నుంచి నేరుగా నరసాపురానికి వచ్చిందని నేను అనట్లేదు. పద్ధతి మాత్రం ఒకటే. పేద ఆడవాళ్ళకి ఒక సూది, కాస్త దారం, ఇంట్లో కూర్చుని చేసే పని. మొదట నేర్చుకున్నవాళ్ళలో మతం మారిన దళిత స్త్రీలు ఉన్నారు. తర్వాత మిగతా కులాల్లోకీ పాకింది. బయటికెళ్ళి కూలి చేస్తే పరువు తక్కువ అనుకునే ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఇది బాగా సరిపోయింది, ఎందుకంటే గడప దాటక్కర్లేదు. ఇక్కడ కూడా పని ముక్కలుగానే జరుగుతుంది. ఒకామె పూలు అల్లుతుంది, ఇంకొకామె అతుకుతుంది. పూలు అల్లినామె పూర్తయిన టేబుల్ క్లాత్‌ని ఎప్పటికీ చూడకపోవచ్చు.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త నరసాపురం ప్రాంతానికి వచ్చి వీళ్ళ మీద పరిశోధన చేసింది. 1982లో "ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అనే పుస్తకం వచ్చింది. ఆవిడ చెప్పిందేంటంటే, ఈ ఆడవాళ్ళు వంట, పిల్లలు, ఇంటి చాకిరీ కాకుండా రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. ఆ లేసు విదేశాలకి ఎగుమతి అవుతోంది. కానీ వీళ్ళని ఎవరూ కార్మికులు అనరు. వ్యాపారి అనడు, ఇంట్లో మొగుడు అనడు, చివరికి వాళ్ళు కూడా అనుకోరు. "గృహిణులు, ఖాళీ టైంలో ఏదో చేసుకుంటారు" అనే మాట ఒకటుంది కదా, ఆ ఒక్క మాట వల్లే అంత తక్కువ డబ్బుకి అంత పని చేయించుకోవడం కుదిరింది అంటుంది ఆవిడ.

అది చదివాక నాకు నా పాత వీడియో గుర్తొచ్చింది. "ఇంట్లోనే ఉండేది."

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అడిగాను. "అమ్మమ్మా, రోజుకి ఎంతసేపు అల్లేదానివి?"

"ఎంతసేపేంట్రా? అదేమన్నా పనా? ఖాళీగా కూర్చోలేక."

"అది కాదు, పొద్దున్న నుంచి చెప్పు."

చెప్పడం మొదలుపెట్టింది. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు కాసేపు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద నలుగురూ కూర్చుని సాయంత్రం దీపాలు పెట్టేదాకా. రాత్రి అందరూ పడుకున్నాక లాంతరు దగ్గర. ఏజెంటు శనివారం వస్తాడంటే శుక్రవారం నిద్ర లేదు. నేను వేళ్ళ మీద లెక్కేశాను. ఏడు గంటలు దాటింది. నేను ఆఫీసులో చేసిన గంటలకి పెద్ద తేడా లేదు, నాకు మాత్రం ఆదివారం సెలవుండేది.

"మరి ఆ డబ్బులేం చేసేదానివి?"

"ఏముందిరా, చిల్లర డబ్బులు. మీ అమ్మ ఇంటర్ ఫీజు కట్టాను. దానికి చెవులకి దిద్దులు చేయించాను. తుఫానుకి చేను మునిగిన ఏడు బియ్యం కొన్నాం."

ఆ చివరి మాట చాలా మామూలుగా అంది. పక్కనే ఉన్న మా అమ్మ మాత్రం ఫోన్ చూడటం ఆపేసింది. తన ఫీజు తాతయ్యే కట్టాడని ఇన్నాళ్ళూ అనుకుందట.

తర్వాత అమ్మమ్మకి క్లోనిస్ ముడి చూపించాను. ఇప్పుడు కళ్ళు సరిగ్గా ఆనవు, సన్నదారం పట్టలేదు. అందుకని నా ఉన్ని ఇచ్చాను. "ఇది మా బుడిపె కాదు" అంది. రెండుసార్లు చూసింది. మూడోసారి సూది తీసుకుని వేసేసింది. 12 సెకన్లు. పైగా "నువ్వు దారం బిగపట్టేస్తున్నావు, అందుకే జారుతోంది" అని నాకే తప్పు చెప్పింది. కరెక్టే, వదులుగా పట్టుకుంటే జారట్లేదు.

2024లో నరసాపురం క్రోషే లేసుకి జీఐ ట్యాగ్ వచ్చింది. మంచి విషయమే. ఇంకెక్కడో చేసింది నరసాపురం లేసు అని అమ్మడం కుదరదు. కాకపోతే జీఐ ట్యాగ్ కాపాడేది పేరుని. అల్లినామెకి ముక్కకి ఎంత ఇవ్వాలో అది చెప్పదు. అందుకే మీరు ఎక్కడైనా చేత్తో అల్లిన లేసు కొనేటప్పుడు బేరం ఆడే ముందు అందులో బుడిపెలు ఎన్నున్నాయో ఒకసారి లెక్కపెట్టండి చాలు.

నా తప్పు దిద్దుకున్నాను. ఆ పాత వీడియో కింద డిస్క్రిప్షన్ మార్చాను. ఇప్పుడు అక్కడ "తాతయ్యది వ్యవసాయం, అమ్మమ్మది లేసు పని" అని ఉంటుంది. చదివి వినిపిస్తే అమ్మమ్మ "ఇప్పుడెందుకురా అవన్నీ" అంది. కాసేపయ్యాక నా అరచేయంత ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ లెక్కన దుప్పటి నీ పెళ్ళికి కూడా అవ్వదు. నేను అల్లి పెట్టనా?" అని అడిగింది.

సరే అన్నాను.

"అయితే ముక్కకి ఎంతిస్తావో ముందు చెప్పు" అంది.

ఇంకా బేరం తేలలేదండీ. మీ ఇంట్లో కూడా ఇలా "ఖాళీగా" పని చేసినవాళ్ళు ఉంటే, రోజుకి ఎన్ని గంటలో ఒకసారి అడిగి చూడండి. ఏం చెప్పారో నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.