చాంద్ రాత్ హర్రాజు: తెల్లవారుజామున ధరలు ఎందుకు దిగుతాయి?

హర్రాజు అంటే వేలంపాట. కానీ హైదరాబాద్ పాతబస్తీలో రంజాన్ చివరి రాత్రుల్లో ‘హర్రాజ్ కా మాల్’ అనే కేక వినబడితే అక్కడ పాట పాడేదేమీ ఉండదు. మిగిలిన సరుకును తక్కువ ధరకు వదిలించుకునే అమ్మకం అది. అమ్మేవాళ్లు బల్ల మీద నిలబడి, కుప్పలో ఏది తీసుకున్నా ఒకటే రేటు అని అరుస్తుంటారు. మదీనా చౌరస్తా నుంచి పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్ మీదుగా చార్మినార్, లాడ్ బజార్ దాకా ఇదే సందడి.

రోజాల రాత్రుల్లో ఈ బజారు సహరీ వేళ వరకు సాగుతుంది. చాంద్ రాత్‌కు సహరీ ఉండదు కాబట్టి ఫజ్ర్ అజాన్ దాకా జనం కదలరు. 2025లో తెలంగాణ ప్రభుత్వం రంజాన్ కోసం మార్చి 2 నుంచి 31 వరకు దుకాణాలు 24 గంటలూ తెరిచి ఉంచుకోవచ్చని అనుమతి ఇచ్చింది.

ధర ఎందుకు తగ్గుతుంది?

కారణం నెలవంకే. రంజాన్ 29 రోజులా 30 రోజులా అన్నది 29వ రోజా మగ్రిబ్ దాకా ఎవరికీ తెలియదు. ఇంకో రాత్రి బేరం మిగిలిందనే ఆశతో వ్యాపారి ధర పట్టుకుని ఉంటాడు. చాంద్ కనబడిందని ప్రకటన రాగానే ఆ ఆశ పోతుంది. పొద్దున ఈద్ నమాజ్ అయ్యాక షేర్వానీకి, టోపీకి, గాజులకు గిరాకీ పడిపోతుంది. రెండు నెలల పైచిలుకు తర్వాత వచ్చే బక్రీద్‌కు ఇళ్లలో ఖర్చు ముఖ్యంగా ఖుర్బానీ మీద ఉంటుంది. అప్పు తెచ్చి సరుకు దింపిన చిరువ్యాపారికి లాభం కంటే పెట్టుబడి తిరిగి రావడమే ముఖ్యం. అందుకే అర్ధరాత్రి చెప్పిన ధర తెల్లవారుజామున ఉండదు.

ఏది ముందు, ఏది చివర?

ధర దిగేకొద్దీ సైజులు, రంగులు కూడా తగ్గిపోతాయి. పిల్లల బట్టలు, చెప్పులు సైజు చూసి కొనాల్సినవి కాబట్టి ముందే తీసుకోవడం మేలు. కుట్టించుకునేవి ఇంకా ముందు. చివరి వారంలో చాలామంది దర్జీలు ఆర్డర్ తీసుకోరు. దుపట్టాలు, దుప్పట్లు, టోపీలు, మామూలు గాజులు మాత్రం చివరి గంటలకు వదిలేయొచ్చు. 2024లో జీఐ గుర్తింపు పొందిన హైదరాబాద్ లక్క గాజులు కొనేటప్పుడు రాళ్లు ఊడుతున్నాయేమో వెలుతురులో చూసుకోవాలి. చేతికి సరిపోయే పాత గాజు ఒకటి వెంట తీసుకెళ్తే సైజు తప్పదు.

బిల్లు లెక్క

2025 సెప్టెంబర్ 22 నుంచి ఒక్కో రెడీమేడ్ వస్త్రం ధర రూ.2,500 దాకా ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. పన్ను కలపకముందు రూ.2,600 ఉన్న డ్రెస్ బిల్లులో రూ.3,068 అవుతుంది. బేరమాడి రూ.2,500కు తెస్తే రూ.2,625 కడితే చాలు. వంద తగ్గిస్తే మొత్తం మీద రూ.443 మిగులుతుంది. అంటే ధర ఈ గీత దగ్గర ఉన్నప్పుడు బేరం వల్ల తగ్గించిన దానికి నాలుగింతలకు పైగా లాభం. పన్ను కలిపి చెప్తున్నారా, విడిగా వేస్తారా అన్నది ముందే అడగాలి.

బిల్లు ఇచ్చే దుకాణంలో సరుకు లోపంతో వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. బండి దగ్గర బిల్లు ఉండదు కాబట్టి కుట్టు, జిప్పు, మరకలు అక్కడే చూసుకోవాలి.

బయల్దేరే ముందు

ఫిత్రా డబ్బు విడిగా తీసి పెట్టాలి, అది ఈద్ నమాజ్‌కు ముందే అర్హులకు చేరాలి. ఆ వేళకు మెట్రో ఉండదు, తిరుగు ప్రయాణానికి ఏర్పాటు చూసుకోవాలి. పిల్లల జేబులో ఇంటి ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టాలి. తప్పిపోతే కలుసుకునే చోటు ఒకటి అనుకోవాలి.

ఇక బేరం. అది బజారు హక్కే, సరదా కూడా. అయితే రాత్రంతా నిలబడ్డ బండివాడి ఇంట్లోనూ పొద్దున్నే ఈద్. అప్పటికే సగానికి దించిన దాని మీద చివరి పది రూపాయలు వదిలేస్తే ఇంటి బడ్జెట్‌కు తేడా రాదు, అతని లెక్కకు మాత్రం వస్తుంది.