పొగగొట్టంలోకి చేంతాడు

రాత్రే పెద్దమ్మ పొయ్యిలోని నిప్పులన్నీ బయటికి లాగి నీళ్లు చల్లింది. తెల్లారి చూస్తే బూడిద చల్లగా, చేతికి మెత్తగా తగులుతోంది. అయినా ఆమెకు నమ్మకం లేదు. "మూలన యాడన్నా నిప్పురవ్వ ఉంటాది నాయనా, గోనె అంటుకుంటే కష్టం" అంటూ పుల్లతో ఇంకోసారి కెలికింది.

రామసముద్రం మండలంలో, కర్ణాటక గట్టుకు దగ్గరగా ఉన్న చిన్న పల్లె ఇది. మదనపల్లె చుట్టుపక్కల నేలంతా సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైనే. మార్గశిరం, పుష్యం ఇక్కడ ఒంటిని వణికిస్తాయి. ఆ రెండు నెలలూ పొయ్యి ఆరదు. పొద్దున స్నానాలకు నీళ్లు, మధ్యాహ్నం సంగటి, సాయంత్రం మళ్లీ నీళ్లు. ఇప్పుడు శివరాత్రి వెళ్లి వారమైంది. చలి పోయింది. ఉగాదికి సున్నం కొట్టాలి. గొట్టం సంగతి చూడకుండా సున్నం కొడితే నాలుగు రోజులకే గోడ మళ్లీ నల్లబడుతుందని పెద్దమ్మ నన్ను పిలిపించింది.

ఇంట్లో గ్యాస్ లేదని కాదు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక పల్లెల్లో సిలిండరు లేని ఇల్లు అరుదైంది. కానీ ఇంటి వెనక మల్బరీ తోట ఉంది. పట్టుపురుగులు ఆకు తిన్నాక మిగిలే పుల్లలు మోపులకు మోపులు పోగవుతాయి. డబ్బు పెట్టకుండా దొరికే కట్టె. దాన్ని వదులుకుని నీళ్లు కాగడానికి సిలిండరు ఖర్చు చేసే ఇల్లు ఈ పల్లెలో నాకు కనపడలేదు.

పొయ్యి ముందు కూర్చున్నాను. మట్టితో కట్టిన రెండు కళ్ల పొయ్యి. ముందు కంటి మీద సంగటి, వెనక కంటి మీద నీళ్లు. ఆ వెనక గోడవారగా మూడంగుళాల గొట్టం లేచి, రేకులు దాటి పైకి పోతుంది. వదిన అగరొత్తి వెలిగించి ఇచ్చింది. పొయ్యి నోటి దగ్గర పట్టుకున్నాను. గొట్టం బాగుంటే ఆ పొగ దారం లోపలికి వంగాలి. వంగలేదు. నిలబడింది, ఊగింది, తిరిగి నా ముఖం మీదికి వచ్చింది.

"చూస్తివా, అదే నేను చెప్పేది" అంది పెద్దమ్మ. వెనక కంటి మీద నీళ్లు ఎంతకీ కాగవని, కట్టె అంటుకోక ఊదీ ఊదీ ఊపిరి ఆగిపోతున్నదని డిసెంబరు నుంచీ చెప్తూనే ఉంది. ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. పొయ్యికి ఎదురుగా ఉన్న గోడ మీద, ఆమె కూర్చునే ఎత్తులో, నల్లటి మరక. నిలబడి వచ్చిపోయే మగవాళ్ల తల ఎత్తుకు ఆ మరక చేరలేదు. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

పెదనాన్న ఉన్నన్నాళ్లూ ఏటా ఈ రోజుల్లో ఆయనే పైకెక్కి గొట్టం దులిపేవాడు. ఆయన పోయి మూడేళ్లు. అన్న బెంగళూరులో. మూడేళ్లుగా ఎవరూ ఎక్కలేదు.

నేను నిచ్చెన దగ్గరికి నడుస్తుంటే వదిన ఆపింది. "నువ్వు మళ్లీ ఉగాదికో, సంక్రాంతికో వస్తావు. నాకు చూపించు, నేనే ఎక్కుతా." చెంగు నడుముకు బిగించి, ముక్కుకూ నోటికీ తడిగుడ్డ కట్టుకుంది. రేకుల మీద కాలు పెట్టకూడదు, పగిలి మనిషి కింద పడిపోవచ్చు. పక్కనే ముందరి మిద్దె ఉంది. దాని అంచున కూర్చుంటే గొట్టం చేతికి అందుతుంది. పెదనాన్న కూర్చునే చోటూ అదే.

పైన టోపీ ఒక పక్కకు ఒరిగి సగం నోరు మూసేసింది. వదిన దాన్ని తీసి నాకు కిందికి అందించింది. అంచు తుప్పు పట్టింది, లోపల మసి. గొట్టం రేకుల మీద రెండడుగులకు పైనే లేచి ఉంది, అది మంచిదే. పొట్టిగా ఉంటే గాలి పొగను వెనక్కి తోసేస్తుంది.

చేంతాటికి గోనెపట్ట చుట్టి, మధ్యలో కొబ్బరిపీచు కూరి, కింద కొసకు పిడికెడంత రాయి కట్టాం. వదిన పైనుంచి వదిలింది. గొట్టం అడుగున మట్టితో మూసిన చిన్న కంత ఉంటుంది. దాన్ని నేను విప్పి చెయ్యి పెట్టాను. ఎంతసేపటికీ రాయి రాలేదు. సగంలో ఇరుక్కుంది. ఆమె లాగింది, మళ్లీ వదిలింది. మూడోసారికి లోపల ఏదో తెగినట్టు చప్పుడై, నల్లటి పొడి నా మోచేతుల దాకా కురిసింది. రాయి చేతికి తగిలింది. అక్కడి నుంచి పైన ఆమె, కింద నేను, బావిలో తోడినట్టు లాగుతూ వదులుతూ.

"మెల్లగా, మెల్లగా" అంటున్నాను నేను. ఇది సిమెంటు గొట్టం. ఈ పొయ్యి కట్టిన రోజుల్లో ఇలాంటివాటికి పెట్టిన గొట్టాలు చాలావరకు ఆస్‌బెస్టాస్ కలిసినవే. ఇనుప బ్రష్‌తో గీకితే ఆ నార దుమ్మై ఊపిరిలోకి పోతుంది. అందుకే గోనె, పీచు. అందుకే తడిగుడ్డ.

చాటలో పడినదాన్ని పుల్లతో విడదీసి చూశాను. పైది పొడి మసి, ఊదితే ఎగిరిపోయేది. దాని కింద ఇంకొకటి ఉంది, మెరుస్తూ, బండి ఇరుసుకు పూసే కందెనలా అంటుకునేది. పచ్చిపుల్ల మండితే సగం కాలని నూనెలు, ఆవిరి పొగతోపాటు లేస్తాయి. చలికాలం గొట్టం చల్లగా ఉంటుంది. అవి అక్కడే చెమర్చి గోడకు పేరుకుంటాయి. కోసిన పదో రోజే మల్బరీ పుల్లలు పొయ్యిలో పెట్టిన పాపం ఇది. మూడంగుళాల గొట్టంలో చుట్టూ అరంగుళం పేరితే మిగిలే దారి సగం కూడా ఉండదు. పైగా ఆ తారు అంటుకుంటే గొట్టమే కొరివిలా మండుతుంది.

లండన్‌లో పర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు 1775లో రాశాడు, పొగగొట్టాలు శుభ్రం చేసేవాళ్లకు వచ్చే ఒక క్యాన్సరుకు మూలం ఈ మసేనని. చిన్నపిల్లలను ఆ గొట్టాల్లోకి ఎక్కించిన కాలం అది. ఈ మాట చెప్తే పెద్దమ్మ, చాట దగ్గరికి వస్తున్న మనవణ్ణి రెక్క పట్టుకుని అవతలికి తీసుకుపోయింది. మసిని దూరంగా గుంటలో పూడ్చాం.

గొట్టం కథ మన తెలుగునేలకు కొత్తది కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో ఎస్.పి.రాజు పొగలేని పొయ్యి తయారుచేసి, 1953లో దాని మీద ఇంగ్లీషులో పుస్తకమే వేశాడు. ఆ తర్వాత 1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల పథకం పెట్టింది. 2002 దాకా నడిచిన ఆ పథకంలో దేశమంతటా కోట్లలో పొయ్యిలు కట్టారు. కట్టినవాళ్లు వెళ్లిపోయారు. గొట్టం దులపడం ఎవరి పని? ఒడిశాలో ఇలాంటి పొయ్యిల కోసమే రెండున్నర వేల ఇళ్లకు పైగా తీసుకుని అర్థశాస్త్రవేత్తలు ఎస్తర్ డఫ్లో, రీమా హన్నా, మైకేల్ గ్రీన్‌స్టోన్ నాలుగేళ్లు వెంటబడి చూస్తే, వండేవాళ్లు పీల్చే పొగ మొదటి ఏడు తగ్గింది. తర్వాత ఆ తేడా లేకుండా పోయింది. పొయ్యిలను సరిగా వాడకపోవడం, బాగు చేసుకోకపోవడం కారణాలు. పొగ వంటగదిలో ఆడమనిషిది, పైకప్పు మగవాడిది. ఈ రెంటి నడుమ గొట్టం పూడుకుపోయిందని నాకు అనిపిస్తుంది.

ఈ మదనపల్లె గాలి మంచిదనే వందేళ్ల కిందట ఆరోగ్యవరంలో క్షయరోగులకు ఆసుపత్రి కట్టారు. ఎక్కడెక్కడి నుంచో జనం ఊపిరి బాగుపడడానికి వచ్చారు. ఆ గాలే ఈ గోడ అవతల ఉంది. గోడ ఇవతల మా పెద్దమ్మ దగ్గుతోంది.

గొట్టం పొయ్యిలో దిగే చోట వేలు దూరేంత పగులు కనపడింది. అక్కడి నుంచి చల్లగాలి చొరబడితే లాగుడు తగ్గుతుంది. చెరువు మట్టి, పేడ, సన్నగా తరిగిన వరిగడ్డి కలిపి పెద్దమ్మే మెత్తింది. ఆ పనికి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. బొటనవేలితో నొక్కుతూ, తడిచేత్తో నిమురుతూ. కింది కంతనూ మూసింది. టోపీని వంపు తీసి, తీగతో బిగించింది వదిన.

మట్టి ఆరేదాకా ఆగాం. మూడు దాటాక, పోయినేడు కోసిన ఎండుపుల్లలు ఏరి రెండే పెట్టింది పెద్దమ్మ. నేను అగరొత్తి పట్టుకున్నాను. పొగ దారం ఒక్క క్షణం తటపటాయించి, తల వంచి పొయ్యి లోపలికి పోయింది.

"వచ్చిందత్తా, పొగ పైకి వచ్చింది!" మిద్దె మీంచి వదిన కేక.

పెద్దమ్మ మాట్లాడలేదు. ఊదుగొట్టం తీసి గోడకు ఆనించి, వెనక కంటి మీద నీళ్లబిందె పెట్టింది. చేంతాడు చుట్ట చుట్టబోతుంటే వదిన కిందికి దిగివచ్చి నా చేతిలోంచి తీసుకుంది. గొట్టం పొడవు ఎంత పట్టిందో అక్కడికి ఒక ముడి వేసి, నిచ్చెన పక్కన తన చేతికి అందే మేకుకు తగిలించింది.