చూచి నేర్చుట – ఇచ్చి పుచ్చుకొనుట

పెండ్లి పందిటిలో చదివింపులు జరుగునప్పుడు ఒక మూల కాగితము, కలము పట్టుకొని యొకరు కూర్చుండుట తెలుగునాట చిరకాలముగా నున్న యాచారము. ఫలానావారు ఇన్ని రూపాయలు, ఫలానావారు పంచెల చాపు, ఫలానావారు కంచు చెంబు అని పేరుపేరున వ్రాయబడును. ఆ కాగితము పెట్టెలో పదిలముగా నుండును. మరల ఆ ఫలానావారి యింట శుభకార్యమైనప్పుడు దానిని తీసి చూచుకొని, అంతకు తక్కువ కాకుండ చదివించి వత్తురు. ప్రక్కన కూర్చుండి యిది చూచిన పిల్లవాడు పెద్దవాడై తన యింటను అదే పద్ధతి నడపును. వానికి దీనిని పాఠముగా చెప్పినవారెవ్వరును లేరు.

ఇందు రెండు సంగతులున్నవి: ఇచ్చి పుచ్చుకొనుట యొకటి, చూచి నేర్చుట యొకటి. పాశ్చాత్య పండితులు ఇరువదవ శతాబ్దమున ఈ రెంటిని గురించియే సాంఘిక వినిమయ సిద్ధాంతము, సాంఘిక అభ్యసన సిద్ధాంతము అను రెండింటిని నిర్మించిరి. వాని చరిత్ర తెలిసికొనదగినది.

చూచి నేర్చుటను గురించి విపులముగా వ్రాసిన తొలివారిలో ఫ్రాన్సు దేశీయుడగు గాబ్రియేల్ టార్డ్ ముఖ్యుడు. ఆయన వృత్తిచే న్యాయాధికారి. చిన్న పట్టణమున చాలకాలము న్యాయస్థానపు కాగితముల నడుమ గడపినవాడు. అనుకరణ సూత్రములను గూర్చిన యాయన గ్రంథము 1890లో వెలువడెను. సంఘమనగా అనుకరణమే యనియు, పైవారి నడవడి క్రిందివారికి ప్రాకుననియు నాయన వాదము. గీతలోని మూడవ యధ్యాయము చదివినవారికి ఇది క్రొత్తమాట కాదు. అయితే గీత దానిని పెద్దలకు బాధ్యతగా చెప్పినది. టార్డ్ లోకస్వభావముగా చెప్పెను.

1941లో అమెరికా పండితులగు మిల్లర్, డాలర్డ్ అను నిరువురు, అనుకరించినందుకు ప్రతిఫలము దొరకినప్పుడే యనుకరణము అలవాటగునని వాదించిరి. ఆల్బర్ట్ బందూరాకు ఇది చాలలేదు. 1925లో కెనడాలోని మండేర్ అను చిన్న యూర పుట్టి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, 2021లో మరణించిన ఈ పండితుడు 1961లో తన సహచరులతో గూడి యొక పరీక్షను ప్రకటించెను. ఆ విశ్వవిద్యాలయపు శిశుపాఠశాలలోని 72 మంది పిల్లలను తీసికొనిరి. వారిలో 24 మంది యెదుట, వయసు వచ్చిన వ్యక్తి యొకరు గాలి నింపిన బోబో యను బొమ్మను గుద్ది, కొయ్యసుత్తితో కొట్టి, కేకలు వేసి చూపిరి. మఱి 24 మంది యెదుట ఆ బొమ్మ జోలికి పోక యూరకుండిరి. తక్కిన 24 మందికి ఏమియు చూపలేదు. తరువాత పిల్లలను అట్టి బొమ్మ యున్న గదిలో విడువగా, మొదటివారిలో చాలమంది తాము చూచిన దెబ్బలనే, విన్న మాటలనే తిరిగి ప్రయోగించిరి. వారికి మిఠాయి యిచ్చినవారు లేరు. కొట్టుమని చెప్పినవారును లేరు.

1965 నాటి పరీక్ష యింతకంటెను విలువైనది. ఈసారి 66 మంది పిల్లలకు చలనచిత్రము చూపిరి. బొమ్మను కొట్టినవానికి కొందరు చూచిన చిత్రములో బహుమానము, కొందరి దానిలో శిక్ష, కొందరి దానిలో రెండును లేవు. శిక్షను చూచిన పిల్లలు తక్కువగా అనుకరించిరి. ఇంతటితో ఆగినచో శిక్ష పనిచేసినదని సంతోషింపవచ్చును. కాని బందూరా ఆగలేదు. చూచినదానిని చూచినట్లు చేసి చూపినచో రంగుల బొమ్మలు, పండ్లరసము ఇత్తుమని చెప్పగా, మూడు తరగతుల పిల్లలును ఇంచుమించు సమానముగా చేసి చూపిరి. అనగా శిక్షను చూచినవారును నేర్చియే యున్నారు; బయటపెట్టలేదు, అంతియే. నేర్చుట వేఱు, చేసి చూపుట వేఱు. బిడ్డల యెదుట నోరు పారవేసికొని, 'మా వాడు ఇంట నెన్నడును ఒక తిట్టు తిట్టి యెఱుగడు' అని మురియు తండ్రులు ఈ పరీక్షను రెండుమాఱులు చదువవలయును.

మఱి, నేర్చినదానిని ఎప్పుడు బయటపెట్టవలెను, ఎప్పుడు దాచవలెను అను లెక్క మనుష్యుడు ఎట్లు కట్టును? ఇక్కడ రెండవ సిద్ధాంతము ప్రవేశించును.

దీని మూలములు సముద్రద్వీపములలో నున్నవి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున న్యూగినీకి తూర్పుననున్న ట్రోబ్రియాండు ద్వీపములలో నివసించిన మలినోవ్‌స్కీ, అచటి 'కులా' యను నాచారమును 1922లో లోకమునకు తెలిపెను. (మన కులమునకును దీనికిని సంబంధము లేదు.) ఎఱ్ఱని చిప్పల హారములు ఒక దిక్కుగను, తెల్లని శంఖపు కడియములు ఎదురు దిక్కుగను ద్వీపమునుండి ద్వీపమునకు చేతులు మారుచుండును. ఎవరును వానిని శాశ్వతముగా నుంచుకొనరాదు. హారమిచ్చినవానికి తగిన కడియము రావలెను, కాని బేరమాడరాదు. ఆ ప్రయాణములలోనే మామూలు సరకులకు బేరము యథేచ్ఛగా సాగును. కులాలో బేరమాడువానిని మాత్రము చులకనగా చూతురు.

ఈ సామగ్రిని తీసికొని మార్సెల్ మోస్ అను ఫ్రెంచి పండితుడు 1925లో దానమును గూర్చి పెద్ద వ్యాసము ప్రకటించెను. ఇచ్చుట, పుచ్చుకొనుట, తిరిగి యిచ్చుట మూడును విధులే యని యాయన సిద్ధాంతము. తెలుగు పాఠకులకు ముచ్చటయైన సంగతి యొకటి కలదు. ఆయన తన వాదమునకు భారతములోని ఆనుశాసనిక పర్వమునందలి దానధర్మమును సాక్ష్యముగా తెచ్చుకొనెను. 13వ శతాబ్దమున తిక్కన తెనిగించిన పర్వములలో నిది యొకటి. యుద్ధము ముగిసిన తరువాత పురాణశ్రోతలు కునుకుపట్లు పడు పర్వమునుండి పారిస్ పండితుడు ఇంత పని తీసికొనెను.

1958లో హార్వర్డు ఆచార్యుడగు జార్జ్ హోమన్స్ ఈ భావమును దైనందిన వర్తనమంతటికిని వర్తింపజేసెను. మెప్పు, సాయము, గౌరవము కూడ సరకులే. వ్యయము, లాభము చూచుకొనియే మనుష్యులు మెలగుదురని యాయన మతము. ఆయన చూపిన దృష్టాంతములలో నొకటి పీటర్ బ్లౌ 1955లో ప్రకటించిన పరిశోధనలోనిది. అమెరికా కేంద్ర ప్రభుత్వపు కచేరీ యొకదానిలో 16 మంది తనిఖీదార్లు, వారిపై నొక యధికారి. సందేహము కలిగినచో అధికారినే యడుగవలెనని నిబంధన. అడిగినచో తన తెలియనితనము అధికారికి తెలియునని భయము. కావున ప్రక్కబల్లవానిని చాటుగా అడుగుచుండిరి. చెప్పినవానికి కాలము పోవును, గౌరవము వచ్చును. అడిగినవానికి సాయము దొరకును, తాను తక్కువవాడనని యొప్పుకొన్నట్లును అగును. అందుచే అందఱికంటె గట్టివానిని మాటిమాటికి అడుగుట మాని, తమకు సాటివారితో జతకట్టి ఒకరికొకరు చెప్పుకొనుచుండిరి. కచేరీలలో పనిచేసినవారు, దీనికై అమెరికా దాక పోనక్కఱలేదందురు.

1964లో బ్లౌ స్వయముగా మఱియొక గ్రంథము వ్రాసి యొక ముఖ్యభేదమును చూపెను. అంగడి వ్యవహారమున ఎంత యియ్యవలెనో ముందే తేలును. సాంఘిక వినిమయమున తేలదు. ఎదుటివాని యిష్టమునకు విడువబడును. అందుచేతనే అచట నమ్మకము కావలెను, అచటనే నమ్మకము పెరుగును.

ఈ భేదము గ్రహింపకున్న చదివింపుల కాగితము బోధపడదు. అది అప్పుపత్రము కాదు. దానికి వడ్డీ లేదు, వాయిదా లేదు, సంతకము లేదు, కాలదోషము పట్టదు. నూటపదహార్లు చదివించినవాని యింటికి మఱునాడే పోయి నూటపదహార్లు చేతబెట్టి 'బాకీ చెల్లు' అన్నచో, లెక్క పైసాతో సరిపోవును. చుట్టరికము మాత్రము తెగును.

హోమన్స్ లెక్కకు లొంగనివియు గలవు. ఆదిపర్వమున ఏకలవ్యుడు, తనను శిష్యునిగా చేర్చుకొనని ద్రోణుని మట్టి ప్రతిమను ఎదుట నుంచుకొని విద్య సాధించెను. చూచి నేర్చుటకు గురువు ఎదుట లేడు. ఏమియు నేర్పనివానికి బొటనవ్రేలు కోసి యిచ్చెను. దీనిని ఏ పద్దు క్రింద వేయవలెను? కీర్తియే ప్రతిఫలమందురేమో. అట్లయిన ప్రతిఫలము కానిది లోకమున ఏదియు మిగులదు. సిద్ధాంతము తప్పని చూపుటకు దారియు నుండదు. ఈ యాక్షేపణ వినిమయ సిద్ధాంతముపై పాశ్చాత్య పండితులును చేసినదే.

చదివింపుల కాగితములలోను ఇట్టి పద్దులుండును. ఇచ్చినవారు కాలము చేసి, వారి యిల్లు చెడి, పేరు మాత్రము కాగితముపై మిగిలియుండును. అట్టివారి మనుమరాలికి ఎచ్చటనో, ఎవరి పంచనో పెండ్లియని వినినంతనే, పిలుపు లేకున్నను పాత కాగితము చూచుకొని పోయి చదివించి వచ్చువారు పల్లెలలో నున్నారు. అట్టి పెండ్లికి పోవునప్పుడు కొడుకును కూడ వెంట తీసికొని పోవుట వాడుక.