పేరు ఒక్కటే, ఓడలు రెండు

ఆ పుల్లలు మంటలోకి ఎగదోసి, ఇలా దగ్గరికి రండర్రా. మన విశాఖపట్నం ఎదట ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ ఫిరంగులు పేల్చుకున్న ముచ్చట చెప్తాను. ఇంగ్లీషు ఓడ పేరు సెంచూరియన్. ఆ పేరు వినగానే చదువుకున్నవాళ్ళు, "భూమి చుట్టొచ్చిన ఓడే కదా" అంటారు. అది వేరు, ఇది వేరు.

ఆ మొదటిది 1732 నాటిది. స్పెయిన్ వాళ్ళ వెండి కొట్టుకొద్దామని ఆన్సన్ అనే ఆయన 1740లో ఆరు యుద్ధనౌకలతో బయల్దేరాడు. తాజా కూరా పండూ లేక మనుషులకి చిగుళ్ళు వాచాయి, పళ్ళూడాయి, ఎప్పుడో మానిన గాయాలు మళ్ళీ తెరుచుకున్నాయి. సుమారు 1,900 మంది వెళితే 1,400 మంది దాకా పోయారు. ఆరింట్లో భూమి చుట్టొచ్చింది సెంచూరియన్ ఒక్కటే. 1743లో ఫిలిప్పీన్స్ దగ్గర అది పట్టుకున్న స్పెయిన్ ఓడలో 13 లక్షల పైచిలుకు వెండి నాణేలు! లండన్‌లో ఆ సొమ్ముని 32 బళ్ళకెత్తి ఊరేగించారు. అంత చేసిన ఓడని 1769లో ఏ పలకకా పలక విప్పేశారు.

మనం తాత పేరు మనవడికి పెట్టుకున్నట్టు, వాళ్ళ నేవీలో పోయిన ఓడ పేరు కొత్తదానికి పెడతారు. అలా 1774లో 50 ఫిరంగులతో ఇంకో సెంచూరియన్ నీళ్ళలోకి దిగింది. మన తీరానికొచ్చింది ఇదే.

అప్పుడు మనకి హార్బరెక్కడిది? అది 1933 నాటి మాట. ఓడలు బయటే లంగరేసుకునేవి, సరుకు పడవల మీద వెళ్ళేది. 1804 సెప్టెంబరు 15న రెండు వర్తక ఓడలకి కాపలాగా సెంచూరియన్ ఆగి ఉంది. కెప్టెన్ జేమ్స్ లిండ్ ఒడ్డున ఉన్నాడు. అంతలో లినోవా అనే ఫ్రెంచి అడ్మిరల్ మూడు ఓడలతో వచ్చిపడ్డాడు. వాటిలో పెద్దదైన మారెంగోకి 74 ఫిరంగులు. లిండ్ పడవెక్కి పరుగున ఓడ చేరి, దాన్ని తీరానికి దగ్గరగా లోతులేని నీళ్ళలో నిలబెట్టాడు. మారెంగోకి మునక ఎక్కువ, అక్కడిదాకా వస్తే ఇసకలో దిగబడుతుంది. దూరాన్నుంచే కాల్చి కాల్చి ఫ్రెంచివాళ్ళు వెనుదిరిగారు. వర్తక ఓడల్లో ఒకటి వాళ్ళ చేజిక్కింది, ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చి బద్దలైంది. సెంచూరియన్ మాత్రం తట్టుకుంది.

మొదటిదానికి పేరు తెచ్చింది తిరుగుడు, రెండోదానికి తెచ్చింది ఉన్నచోట కదలకపోవడం. ఇకమీదట ఎవరైనా ఆన్సన్ ఓడే విశాఖకొచ్చిందంటే, 1769లో విప్పేసింది 1804లో ఎలా వచ్చిందయ్యా అని అడగండి.