గేటు ముందు ర్యాంపు ఎందుకు పగులుతుంది? 200 ఏళ్ల కిందటి జవాబు

పటాన్‌చెరు పక్కన పటేల్‌గూడలో మీరు కొత్త ఇల్లు కట్టుకున్నారనుకోండి. రోడ్డు నుంచి గేటు లోపలికి కారు ఎక్కే దారి వేయించాలి. మేస్త్రీ వస్తాడు, టేపు పెట్టి కొలుస్తాడు, "అడుగుకి ఇంత సార్, రెండు రోజుల్ల అయిపోతది" అంటాడు. మనం రేటు దగ్గర గట్టిగా బేరమాడతాం. కింద ఏం వేస్తావని మాత్రం అడగం. రెండు వానాకాలాలు పోయేసరికి ర్యాంపు నడుమ చీలిక!

ఆ "కింద ఏముంది" అన్న ప్రశ్నను పట్టుకున్న మనిషి జాన్ లౌడన్ మెకాడమ్. 1756లో స్కాట్లాండ్‌లో పుట్టాడు. 1816లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ రోడ్ల బాధ్యత ఆయనకొచ్చింది. అప్పటి ఇంజనీర్లు రోడ్డు కింద పెద్ద పెద్ద రాళ్లు పేర్చేవాళ్లు. ఈయన ఏమన్నాడంటే, బండి బరువు మోసేది రాయి కాదు, దాని కిందున్న నేల. ఆ నేల తడవకుండా ఉంటే చాలు. అందుకే రోడ్డు కొంచెం ఎత్తులో ఉండాలి, నీళ్లు పక్కకి జారిపోవాలి. పైన చిన్న కంకర పరవాలి, ఒక్కో రాయి 170 గ్రాములు దాటొద్దు. ఇప్పటికీ మన కాంట్రాక్టర్లు అనే డబ్ల్యూబీఎంలో చివరి 'ఎం' ఈయన పేరే!

తర్వాత 1824లో లీడ్స్‌కి చెందిన ఒక తాపీ మేస్త్రీ, జోసెఫ్ ఆస్ప్‌డిన్, పోర్ట్‌లాండ్ సిమెంట్‌కి పేటెంట్ తీసుకున్నాడు. పైభాగం రాయిలా గట్టిపడే సరుకు దొరికింది. దాంతో కింది నేల సంగతి చాలామంది మర్చిపోయారు.

మన దగ్గర అది మర్చిపోతే కుదరదు. ఎందుకంటారా? 1972లో పటాన్‌చెరులో పెట్టిన ఇక్రిశాట్ పొలాల్లో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. పంటల పరిశోధనకి అది వరం. ర్యాంపుకి మాత్రం నల్లరేగడి గండం. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది, పైనున్న సిమెంటుని విరగ్గొడుతుంది. మీ గల్లీలో ఏ నేల ఉందో తవ్వితేనే తెలుస్తుంది.

అందుకే అడ్వాన్స్ ఇచ్చేముందు నాలుగు ముక్కలు కాగితం మీద రాయించుకోండి. నల్లమట్టి ఎంత లోతు తీస్తారు? మొరం పోసి, నీళ్లు కొట్టి, మిషన్‌తో దిమ్మిస చేస్తారా? కాంక్రీట్ ఎంత మందం? కనీసం వారం రోజులు ఎవరు తడుపుతారు? వాలు ఎటు పోతుందో, మోరీ మూసుకుపోకుండా ఏం చేస్తారో కూడా అడగండి. డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వొద్దు. మొరం పని మీ కళ్లముందు అయ్యాక కొంత, తడపడం అయ్యాక మిగతాది.

మంచి మేస్త్రీకి ఈ ప్రశ్నలంటే కోపం రాదు. పైగా, పని తెలిసిన ఓనర్ దొరికాడని సంతోషిస్తాడు. కాంక్రీట్ పోశాక అడుగున ఏముందో ఎవరికీ కనబడదు. చూసుకునేది ఏదైనా పోయకముందే చూసుకోవాలి.

మీ ఇంటి ముందు ఏ నేలో కామెంట్‌లో చెప్పండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం!