స్విచ్చి ఆపినా మిగిలే కరెంటు

హైదరాబాద్‌లో 1983లో ఎస్. సూరి (వీయూ2ఎంవై) స్థాపించిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో చరిత్ర రాయమంటే ఎవరి కలమైనా ముందు 2004 డిసెంబర్ 26 దగ్గరే ఆగుతుంది. సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం ఆ ఉదయం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. సునామీ దెబ్బకు ఫోన్లు మూగబోతే, క్షేమ సమాచారాలు హామ్ రేడియో మీదే సముద్రం దాటాయి. ఎంత చెప్పుకున్నా తనివి తీరని చరిత్ర అది. కానీ రాయికల్, కోరుట్ల, సిరిసిల్లలో ఈ సంచిక చదివి లైసెన్సు పరీక్ష రాయాలనుకునే పిల్లలకు నేను చెప్పదలచింది వేరే ఉంది. సీనియర్ హామ్‌లు కొత్తవాళ్లకు అందించాల్సిన మొదటి విద్య ప్రాణం కాపాడుకోవడం.

పగటిపూట 40 మీటర్ల బ్యాండ్‌లో రాయికల్ నుంచి హైదరాబాద్‌తో మాట్లాడటానికి మామూలుగా వంద వాట్లు చాలు. ఖండాలు దాటాలన్న ఆశ పుట్టినప్పుడే యాంప్లిఫయర్ మీదికి మనసు పోతుంది. జనరల్ గ్రేడ్ వారికి 400 వాట్ల దాకా అనుమతి ఉంది. 811ఏ, 813 వంటి వాల్వులతో ఇంట్లో కట్టుకున్న పెట్టెలు ఇప్పటికీ బాగా పనిచేస్తాయి. వాల్వును బట్టి ప్లేటు మీద వెయ్యిన్నర నుంచి మూడు వేల వోల్టులు ఉంటాయి.

బాయి మోటరుకు ఫ్యూజు పీకితే పని అయిపోయినట్టే. ఇక్కడ అట్లా కాదు. మూడు వేల వోల్టులకు నిండిన 30 మైక్రోఫారడ్ల కెపాసిటర్లలో 135 జౌళ్ల శక్తి దాగి ఉంటుంది, ప్లగ్గు తీసినా సరే. లక్ష ఓమ్‌ల బ్లీడర్ రెసిస్టర్ బాగుంటే పదిహేను సెకన్లలో అది ఇరవై వోల్టులకు దిగుతుంది. బ్లీడర్ కాలిపోయి ఉంటే మాత్రం బయటికి ఏమీ తెలియదు. అందుకే ప్లగ్గు పీకాలి, ఆగాలి, మీటరు సున్నా చూపినా నమ్మకూడదు. ఎండిన ఇన్సులేటర్ కర్ర కొసన లోహపు కొక్కెం, దాని నుంచి ఛాసిస్‌కు ముందే బిగించిన మందపాటి తీగ: ఆ కర్రతో ప్లేటు లైనును తాకించి, పని అయ్యేదాకా అక్కడే తగిలించి ఉంచాలి. మూత తీయగానే సరఫరా తెంచే ఇంటర్‌లాక్‌ను ఎవరూ కట్టేయకూడదు. ఒంటరిగా ఉన్నప్పుడు మూత తీయనే వద్దు.

ట్యూనింగ్ ఎప్పుడూ మూత బిగించాకే. ముందు యాంటెనా బదులు డమ్మీ లోడ్ తగిలించి, డ్రైవ్ తక్కువగా ఇచ్చి, ప్లేట్ కరెంటు బాగా పడిపోయేదాకా ట్యూన్ నాబు తిప్పాలి. తర్వాత లోడ్ కొంచెం పెంచి, మళ్లీ ట్యూన్. ఒక కన్ను గ్రిడ్ కరెంటు మీద ఉండాలి. ఒక్కో విడత కొన్ని సెకన్లే; గాజులో ప్లేటు మామూలు కంటే ఎర్రబడితే వెంటనే డ్రైవ్ తీసేయాలి.

శిక్షణ తరగతులు నడిపే పెద్దలకు ఒక విన్నపం. ప్లగ్గు తీసిన పాత యాంప్లిఫయర్ ఒకటి బల్ల మీద పెట్టండి. మైకు పట్టుకునే ముందు ప్రతి విద్యార్థి చేత ఆ ఎర్త్ కర్ర పట్టించండి.