భట్టిప్రోలు స్ఫటిక భరిణెలు

తెనాలి–రేపల్లె రైలు మార్గంలో, నేటి బాపట్ల జిల్లాలో ఉన్న భట్టిప్రోలు స్తూపం, అంటే బుద్ధుని ధాతువులపై (శరీర అవశేషాలపై) ఇటుకలతో లేపిన గుండ్రని కట్టడం, పందొమ్మిదో శతాబ్దంలో కాలువ పనులు చేయించినవారికి తేరగా దొరికిన రాతిగనిగా మారడంతో, దాని పాలరాళ్లు వెల్లటూరు తూము నిర్మాణంలో కలిసిపోయాయి.  

1892లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే స్తూపగర్భాన్ని పద్ధతిగా తవ్వించగా మూడు రాతి పేటికలు, వాటిలో స్ఫటికపు భరిణెలు, అనగా పారదర్శకమైన రాతిని తొలిచి మూత అమర్చిన చిన్న పాత్రలు, బయటపడ్డాయి. పేటికలపై బ్రాహ్మికి సన్నిహితమైన లిపిలో చెక్కిన శాసనాలను లిపి పండితుడు బ్యూలర్ చదివాడు. బుద్ధధాతువులను ఉంచేందుకు కుర అనేవాడు, అతని తల్లిదండ్రులు పేటికతోపాటు స్ఫటికపు భరిణెనూ చేయించారని ఆ శాసనాల్లో ఒకటి చెబుతున్నందున, ఆ పాత్ర ప్రయోజనం ఊహకు వదలవలసిన విషయం కాలేదు.